పేరు చెప్పకుండ గోస అనొద్దు

ముందుగాల క్షమాపణలు. ఈ నాలుగు ముక్కలు చదవబోతున్న పెద్దలకు, చదవకుండనే బాగలేదనబోతున్న మేధావులకు, శ్రద్ధాంజలి ఫ్లెక్సీల తన ఫొటో చిన్నగ పడ్డదని ఇంకా నాతోని మాట్లాడని మా చిన్నాయినకు, డిగ్రీ చదివి గుడ శోకాల గురించి రాస్తున్నందుకు నాకు చదువు చెప్పిన సార్లందరికి చేతులు జోడించి, తల వంచి, మోకాళ్ల మీద కూసొని క్షమాపణ చెప్పుకుంటున్న. మోకాళ్ల మీద అన్న మాట వాపసు తీసుకుంటున్న. మర్రిగూడ దిక్కు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగి పెరిగిన మోకాళ్లు ఒకపారి వంగితే మల్ల లేస్తయన్న గ్యారంటీ లేదు. నిలవడే చెప్తున్న అనుకోండ్రి.

మా మేనత్త చనిపోయింది.

గీ వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూసుకుంట కూసున్న. దాంట్ల తప్పేం లేదు. అయినా అబద్ధం తీరుగనే ఉన్నది.

వార్త చెప్పింది మా బాపు. నేను అప్పుడు నల్లగొండల కిరాయి రూముల, పోటీ పరీక్షల పుస్తకం ముఖం మీద కప్పుకొని చదువుకుంటున్న. అంటే పండుకున్న. ఫోన్ మోగింది. "సావైంది, ఊరికి రా" అన్నడు బాపు. సావు కబురు వినంగనే ఎవరైనా ఏం అడుగుతరు? ఎవరు పోయిండ్రు అని అడుగుతరు. మా ఇంట్ల గది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న వేరే ఉంటది. అలవాటు ప్రకారం నేను అదే అడిగిన.

"అత్తకు చెప్పిండ్రా?"

సిగ్నల్ పోయిందనుకొని హలో, హలో అన్న. బాపు ఊపిరి మాత్రం ఇనపడుతున్నది.

"అత్తనేరా" అన్నడు.

తర్వాత నేనేం చేసిన్నో వరుసగ యాదికి లేదు. బస్సెక్కిన మాట నిజం. కండక్టర్ వచ్చి ఎక్కడికని అడిగితె "అత్తకాడికి" అన్న. ఆయన నా ముఖం చూసి, ఏమనుకున్నడో ఏమో, ముందుకు పోయి అందరికి టికెట్లు కొట్టి మల్ల నా దగ్గరికొచ్చి, ఈసారి మెల్లగ అడిగిండు. గప్పుడు ఊరి పేరు యాదికొచ్చింది. బస్సు పొంటి పత్తి చేన్లు పోతున్నయి, గొర్ల మందలు పోతున్నయి, అన్నీ ఎప్పటి తీరుగనే ఉన్నయి. నాకు కోపమొచ్చింది. ఒక్క గొర్రె అన్న తలకాయెత్తి చూడాలె గదా.

సావు మాట వినంగనే అత్తకు చెప్పిండ్రా అని ఎందుకడుగుతమో చెప్పాలె. మా దిక్కు మనిషి పోతే ఆడోళ్లు చుట్టు కూసొని రాగం తీసి ఏడుస్తరు. పోయిన మనిషి ఎట్ల బతికింది, ఎవర్ని సాదింది, ఏం తినాలని ఉండె, ఏం తినకుండ పోయింది, అన్నీ ఆ ఏడుపులనే చెప్తరు. దాన్ని శోకం పెట్టుడంటం. అందరు పెడుతరు. కాని మొదలుపెట్టేటందుకు ఒక మనిషి కావాలె. మా చుట్టు ఊర్లకు ఆ మనిషి మా అత్త. పైస తీసుకునేది కాదు. చాయ్ మాత్రం తాగేది, అండ్ల చక్కెర తక్కువైతే మొహం మీదనే చెప్పేది. సావుకాడ చాయ్‌కి వంక పెట్టిన మనిషిని నేను ఇంకొకర్ని చూడలే.

చిన్నప్పుడు నన్ను ఎంటవెట్టుకొని పోయేది. ఆటోల కూసున్నకాడి నుంచి పోయినోళ్ల గురించి అడుగుడే పని. ఆయనకు ఏ మేక అంటే ఇష్టం, ఆమె బీడీలు తాగేదా, చివరాఖరికి ఎవరిని యాది జేసింది. ఆటో డ్రైవర్‌కు తెల్వకపోతే దారిల ఆపి ఇంకొకరిని ఎక్కిచ్చుకునేది, ఆ ఎక్కినోళ్ల కిరాయి డ్రైవర్ మీదనే. ఇదంత దేనికి అత్తా, ఉత్తగ మంచోడు మంచోడు అని ఏడిస్తె కాదా అని అడిగిన ఒకపారి. "సచ్చినోని ముంగట అబద్ధమాడితే ఆడు లేసి కాదనలేడు అల్లుడా. గందుకే ఆడొద్దు" అన్నది. అని, "నువ్వు సచ్చినప్పుడు నీ గురించి ఏం జెప్పాల్నో ఇప్పటికైతె నాకొక్కటి దొరుకుతలేదు" అని కూడ అన్నది. మా ఇద్దరి మధ్య గిసోంటియి నడుస్తుండె. మేనత్తకు అల్లుని తిట్టుడు హక్కు, అల్లునికి తిట్లు తినుడు సరదా.

మాటలు అంత ధారాళంగ వాడే మనిషి ఒక్క మాట దగ్గర మాత్రం పరమ పిసినారి. ఆ మాట గోస.

మీకు నాకు ఆ మాట కొత్త కాదు. కరెంటు పోతే గోస, బస్సు రాకపోతే గోస, ఫోన్ల సిగ్నల్ రెండు గీతలకు పడిపోతే అరిగోస. పేపర్ల ప్రతిరోజు ఎవరో ఒకరి గోస ఉంటది. అత్త మాత్రం ఈ మాటను ఇంట్ల ఊకె అననిచ్చేది కాదు. నేను కాలేజీకి పోయిన కొత్తల, సెలవుకొచ్చి, కొంచెం జాలి, దానితోని పాటు కొంచెం కోడికూర దొరుకుతయని, "హాస్టల్ల అరిగోస పడుతున్న అత్తా" అన్న. అత్త చేస్తున్న పని ఆపి నా దిక్కు మొత్తం తిరిగింది. మొత్తం అని ఎందుకంటున్ననంటే ఆమె మెడ తిరగది. నీళ్లు మెడను బిగవట్టినయి. ఎవరినైన చూడాలంటే భుజాలు, నడుము, కాళ్లు అన్నీ తిరగాలె. అట్ల తిరిగి చూస్తే పోలీసు బండి మలుపు తిరిగినట్టుంటది.

"ఎవరు పెడుతున్నరు?" అన్నది.

"ఏంది?"

"గోస. పెట్టేటోడు ఎవడు? పేరు చెప్పు."

వార్డెన్ అన్న. ఏం పెట్టిండని అడిగింది. సాంబారు పెట్టిండన్న. నీళ్ల లెక్క ఉంటదన్న. అత్త మల్ల ఎప్పటి తీరుగ ముందుకు తిరిగి, "గది తిప్పలు. పోయి తిను" అన్నది. కోడికూర దొరకలే.

ఆమె లెక్క గిట్ల ఉంటది: పని జేస్తె వచ్చేది కష్టం. పని కాకపోతె వచ్చేవి తిప్పలు. గోస మాత్రం దానంతట అది రాదు, ఒక మనిషి ఇంకొక మనిషికి పెట్టాలె. పెట్టినోళ్లకు అది తిరిగి తగులుతది. అందుకే ఆ మాట అన్నవంటే పెట్టినోళ్ల పేరు చెప్పాలె. పేరు చెప్పకుండ అంటే, అది ఎటు పోవాల్నో తెల్వక, దారిన పోయే ఏ పాపం తెల్వనోనికో తగులుతది. ఇంత భయం, బుగులు పెట్టుకొని ఒక మాటను వాడే మనిషిని నేను ఏ పుస్తకంల చూడలే.

ఒకపారి పట్నం నుంచి కెమెరా పట్టుకొని ఒకాయన వచ్చిండు. మా ఊరికి కెమెరాలు కొత్త కాదు. వంగిన నడుములు ఎక్కడున్నయో మా పోరగాళ్లే ఎంటవడి చూపిస్తరు, ఏ గోడ ముంగట నిలవడితే ఫొటో మంచిగొస్తదో ముసలోళ్లకు తెలుసు. ఆయన అత్త ముంగట మైకు పెట్టి, అమ్మా మీ గోస చెప్పుండ్రి అన్నడు. అత్త అడిగే ప్రశ్న అడిగింది. ఆయన నీళ్లు గదమ్మా అన్నడు. "నీళ్లకు పేరుంటదా బిడ్డా? గీ నీళ్లే తాగుండ్రని ఇన్నేండ్లు మమ్ముల ఇడిసిపెట్టినోళ్ల పేర్లున్నయి. వరుసగ చెప్త. టీవీల వేస్తవా?" ఆయన నవ్విండు, బ్యాటరీ అయిపోయిందన్నడు. అత్త కూడ నవ్వింది. కొత్తగ ఇంటింటికి వచ్చిన నల్లా నీళ్లతోని చాయ్ పెట్టించింది. ఆయన తాగిండు. చక్కెర మాత్రం మంచిగ వేసిండ్రు.

ఆమె నిజంగ ఆ మాట అనంగ నేను విన్నది ఒకటేసారి.

ఊర్ల ఒక ముసలాయన పోయిండు. కొడుకులు ఇద్దరు. కొత్తగ స్లాబు ఇల్లు ఏసిండ్రు, లోపట అద్దం లెక్క మెరిసే టైల్సు. కొత్తింట్లకు పోయిన దినం ఊరంత చెప్పులు బయట ఇడిసి, జారుకుంట పోయి, జారుకుంట తిని, జారుకుంట వచ్చినం. ముసలాయన మాత్రం జీవాల కొట్టంలనే పండుకునేది. అడిగితె, మా నాయినకు గాడనే మంచిగ నిద్ర పడుతది అనేటోళ్లు. ఆయన కొట్టంలనే పోయిండు. పోయినంక తెచ్చి టైల్సు మీద పండవెట్టిండ్రు, వచ్చేటోళ్లకు మంచిగ కనపడాలె గదా.

అత్త వచ్చి కూసొని ఇంటిని మెచ్చుకుంట మొదలుపెట్టింది. ఎంత మంచి ఇల్లు కట్టిరి నీ కొడుకులు, ఎంత తెల్లటి బండలేసిరి, నీ కాలు జారుతదని ఇన్నొద్దులు లోపటికి రానియ్యకపోయిరి, ఇయ్యాల జారే కాలు లేదని నట్టింట్ల పండవెట్టిరి. కొడుకులు మొదట తలకాయలు ఊపుతున్నరు, పొగుడుతున్నదనుకొని. నడుమ ఎక్కడ్నో ఊపుడు ఆగింది. గప్పుడు అత్త గొంతు దించింది. రాగం లేదు, ఏడుపు లేదు. "గోస పడితివి నాయినా. నీ కొడుకుల చేతుల గోస పడితివి." ఇద్దరి పేర్లు చెప్పింది. నేను ఇక్కడ రాయను, వాళ్లు ఇంకా ఊర్లనే ఉన్నరు.

పోలీసు లేడు, పంచాయతి లేదు. పదొద్దుల దినానికి ఊరంత పోయింది, పెట్టింది తిన్నది, ఒక్కరు నోరు తెరవలే. అంతమంది తినంగ ఒక్క మాట ఇనపడకపోవుడు ఎట్లుంటదో మీరెప్పుడన్న విన్నరా? పెద్దోడు చానొద్దులు తల వంచుకొనే నడిచిండు. చిన్నోడు టైల్సు మీద గోనెసంచులు పరిచిండు. నేను చదివే పుస్తకాలల్ల శిక్షలన్ని సెక్షన్లతోని ఉంటయి, వాటికి అప్పీలు గుడ ఉంటది. మా ఊర్ల శిక్ష ఒకటే మాట. అది మా అత్త నోట్ల ఉండేది, ఆమె దాన్ని బయటికి తీసేది కాదు.

అప్పటినుంచి ఊర్ల ముసలోళ్ల రాతలు మారినయి. ఏ ఇంట్ల ముసలామెకు జరమొచ్చినా, ఆ ఇంటి కోడలు మా అత్త వాకిట్లకొచ్చి, పొద్దున ఇడ్లీ పెట్టిన, దవాఖానకు తీస్కపోయిన, గోళీలు ఏసిన అని హాజరు ఏయించుకునేది. నాకెందుకు చెప్తవే, ఆమెకు పెట్టు అని అత్త కసురుకునేది. కసురుకున్నా ఇడ్లీలకు చట్నీ ఉండెనా అని మాత్రం అడిగేది.

ఇప్పుడు మా అత్త సొంత కోడలి గురించి. ఆమె నాకు అక్క వరుస. మా బావ జీవాలు తోలుకొని పొద్దున పోతె మాపటికి వస్తడు, మాట తక్కువ మనిషి. ఆయన వంతు మాటలు గుడ ఈ అత్తాకోడండ్లే వాడుకునేటోళ్లు. పొద్దున లేస్తె లొల్లి. గల్లి మొత్తానికి టైము తెలిసేది వాళ్ల లొల్లితోనే. ఉప్పు మీద లొల్లి, బీపీ గోళీ మీద లొల్లి, మేకపిల్లకు పేరు పెట్టే కాడ లొల్లి. సాయంత్రమైతే ఇద్దరు నాకు ఫోన్ జేసేటోళ్లు, ఒకరి తర్వాత ఒకరు, ఒకరి ఫోన్ సంగతి ఒకరికి తెల్వదనుకొని. నీ అక్క కూరల ఉప్పే వేస్తలేదురా, గడ్డి తిన్నట్టున్నది అని ఈమె. మీ అత్త ఉప్పు డబ్బ బొంత కింద దాసిపెట్టింది తమ్మి, నువ్వే చెప్పు అని ఆమె. రెండు దిక్కుల వకీలు నేనే, జడ్జి గుడ నేనే. తీర్పు ఎప్పుడు ఒకటే, ఇద్దరు బువ్వ తిని పండుకోండ్రి.

గల్లికి ఇనపడేది నోరు. కనపడంది ఒకటుంది. అత్త చేతులు భుజం దాటి పైకి లేవవు. కొన్నేండ్ల సంది ఆమె తల దువ్వుకున్నది లేదు. అక్క ప్రతిరోజు పొద్దున గోడ చాటుకు కూసోవెట్టి దువ్వేది, నూనె పెట్టి కొప్పు ముడిసేది. లొల్లి జోరు మీదున్నప్పుడు దువ్వెన గుడ జోరు మీదుండేది, అత్త అబ్బ అమ్మ అనేది, గల్లిల ఉన్నోళ్లు అబ్బ అమ్మ మాత్రం విని తలకాయలు ఊపుకునేటోళ్లు. ఇన్నేండ్ల ఫిర్యాదులల్ల, కోడలిని ఇన్ని మాటలన్న మనిషి, గోస అన్న మాట ఒక్కసారి గుడ అనలే. నేను అప్పుడు గమనించలే. బస్సుల కూసున్నంక యాదికొచ్చింది.

ఇగ ఆఖరి లొల్లి. అత్త చనిపోయే ముందటి రోజు, పక్కూర్ల ఎవరో పోయిండ్రని కబురొచ్చింది. ఎండ మండుతున్నది. అత్తకు బీపీ పెరిగి కండ్లు తిరుగుతున్నయి, పోవద్దని అక్క మొత్తుకున్నది. అత్త వినలే. అక్క ఆమె చెప్పులు తీసి దాసిపెట్టింది. అత్త బయటికొచ్చి అక్క చెప్పులే ఏసుకొని నడిచింది. అక్క నల్లాకాడ నిలవడి, గల్లంత ఇనపడేటట్టు అరిసింది: "పో. నువ్వు సచ్చినా నేను ఏడ్వ. ఒక్క చుక్క రాల్చ."

ఎనుకనే బావను జీవాలకాడి నుంచి పిలిపిచ్చి బండి మీద తోలింది, గొడుగు, నీళ్ల సీస ఇచ్చి. గది ఎవరు చూడలే.

తెల్లారి పొద్దున మేకలకు సుబాబుల్ ఆకు ఏస్తా ఏస్తా అత్త కూలవడ్డది. దవాఖానకు తీస్కపోయేవరకే అయిపోయిందన్నరు. గుండె అన్నరు. గుండె ఆగేటంత పని ఏం చేసింది? సుబాబుల్ కొమ్మ ఎంత బరువుంటది?

నేను పోయేవరకు పందిరి కింద పండవెట్టిండ్రు. జనం బగ్గ ఉన్నరు, ఆమె ఎవరెవరికి శోకం పెట్టిందో ఆ ఇండ్లోళ్లంత వచ్చిండ్రు. కాని సప్పుడు లేదు. నేను వాకిటికాడనే ఆగిన. సావింట్ల సప్పుడు లేకపోవుడు నేను ఎన్నడు చూడలే. ఆడోళ్లు చుట్టు కూసున్నరు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నరు, ఒకరి ముఖం ఒకరు చూస్తున్నరు. మొదలుపెట్టేటామె నడుమల పండుకొని ఉన్నది. గప్పుడు గాని అత్త పోయిందని నాకు తెల్వలే. బాపు చెప్తె తెల్వలే, బస్సుల తెల్వలే, ముఖం చూసినా తెల్వలే. ఆ సప్పుడు లేకపోవుడుతోని తెలిసింది.

అక్క దర్వాజకాడ నిలవడ్డది. కండ్లు ఎండినయి. వచ్చినోళ్లకు వచ్చినట్టు చెంబుతోని నీళ్లిస్తున్నది, గలాసు వాపసు తీసుకుంటున్నది, మల్ల ఇస్తున్నది. నాకు గుడ ఇచ్చింది. నేనెవరో ఆమెకు సోయి ఉన్నట్టు లేదు. అందరు ఆమె ఎండిన కండ్లనే చూస్తున్నరు. అన్నంత పని చేసింది, ఒక్క చుక్క రాల్చలే అన్న మాట ఆ పందిరి కింద ఒకరి చెవి నుంచి ఒకరి చెవికి పోతున్నది. మగోళ్ల బెంచీలకాడికి గుడ వచ్చింది.

ఆఖరికి ఎదురింటి అవ్వ గొంతు సవరించుకున్నది. మంచి ముసలామే, చెడ్డ బుద్ధి లేదు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలె గదా అని మొదలుపెట్టింది. "ఎందరికి శోకం పెట్టిన నోరే బిడ్డా, ఇయ్యాల నీకు పెట్టేటోళ్లు లేకపోయిరి... కడుపుల పెట్టుకొని ఎంత బతుకు బతికితివే, ఎంత గోస..."

పందిరి కింద తలకాయలన్ని ఒక్కపారి దర్వాజ దిక్కు తిరిగినయి. అవ్వ ఇంకా పేరు చెప్పలే. చెప్పాల్సిన పని లేదు, అందరికి తెలుసనుకుంటున్నరు. ఆ ఇంటి ముంగట, ఆ మనిషి ముంగట ఆ మాట పడితె ఏమైతదో టైల్సు ఇల్లును చూసినోళ్లం అందరికి ఎరుకే. అక్క చేతుల చెంబు కదలకుండ ఉన్నది. ఆమెకు గుడ ఎరుకే. కాదనేటందుకు అక్క దగ్గర సాక్ష్యం లేదు. ఉన్న ఒక్క సాక్షి సాప మీద పండుకున్నది.

ఇంకొక సాక్షి బెంచి మీద ఉన్నడు, జీన్సు ప్యాంటు ఏసుకొని.

నేనెట్ల లేసిన్నో నాకు తెల్వదు. మా దిక్కు మగోళ్లు శోకం పెట్టరు. ఏడుస్తరు, గోడకు తలకాయ ఆనిచ్చి, తువ్వాల నోట్ల పెట్టుకొని. ఆడోళ్ల నడుమ కూసొని రాగం తీసుడు లేదు. నేను పోయి అత్త కాళ్లకాడ కూసున్న. అవ్వ ఆగి నన్ను చూసింది. నేను నోరు తెరిచిన. నా గొంతు నాకే నవ్వొచ్చేటట్టు ఉండె. ఎక్కడ్నో ఒకరిద్దరు ఆడపిల్లలు కిసుక్కున నవ్విండ్రు గుడ.

"ఎండల పోవద్దని చెప్పులు దాసిపెడితె, కోడలి చెప్పులేసుకొని పోతివే ఓ అత్తా... ఎనుకనే గొడుగు తోలితె, నీళ్లు తోలితె, గొడుగు రంగు బాగలేదని కొడుకును తిడితివే ఓ అత్తా... చేతులు పైకి లేవని నీకు పొద్దుపొద్దున తల ఎవరు దువ్విరే ఓ అత్తా, ఇయ్యాల నీ కొప్పు ఎవరు ముడిసిరే... గోస గోస అంటున్నరు, పేరు చెప్పమంటె ఎవరి పేరు చెప్పాల్నే ఓ అత్తా... నిన్న పొద్దుగూకంగ నాకు ఫోన్ జేసి అంటివి గదనే, నా కోడలు నన్ను కన్నతల్లి తీరు చూసుకున్నదిరా అల్లుడా, నాకు గోసన్నదే లేదురా అని..."

మిగిలింది రాగం లేని ఏడుపే.

అక్క వచ్చింది. చెంబు పక్కకు పెట్టి, జనాన్ని దాటుకొని వచ్చి, అత్త తలకాయ దగ్గర కూలవడ్డది. "ఏడ్వనన్న గదా అత్తా. లేసి నన్ను తిట్టు. ఒక్కపారి తిట్టు" అన్నది. ఇంక ఎవరు ఆపినా ఆగలే. ఎదురింటి అవ్వ అక్క వీపు నిమిరి, కొత్తగ రాగం అందుకున్నది. ఈసారి అత్త పెంచిన మేకల గురించి. ఆడోళ్లంత కలిసిండ్రు. ఇల్లు సావిల్లయింది.

ఆ తర్వాత నా బతుకు ఏమైందో చెప్పుకుంటే నవ్వులాట. దోస్తులు నాకు శోకాల స్టార్ అని పేరు పెట్టిండ్రు. మా తాతకు పానం బాగలేదు, డేట్లు ఖాళీ ఉన్నయా అని ఒకడు ఫోన్ జేసిండు. గీ పిలగానికి ఇగ పిల్లనెవరిస్తరని మా అమ్మ దిగులు. కండక్టర్‌తోని అత్తకాడికి అన్న ముచ్చట ఎట్ల బయటికొచ్చిందో, అదీ తిరుగుతున్నది. నవ్వుతనే ఉన్న. నవ్వి రూముకొచ్చి, ఏదన్న పనికి రాని మాట జ్ఞాపకమొచ్చి ఆమెకు చెప్దామని ఫోన్ చేతులకు తీసుకుంట. పేరు దాక పోయినంక ఆగుత. ఆమె పేరు మీద వేలు పెట్టి, ఎక్కడికి పోయినవే అని తెల్లబోయి చూస్త. ఇప్పటికి గంతే. తెల్లబోవుడు తగ్గుతలేదు.

పదొద్దుల నాడు అందరు తిని లేసినంక అక్క నన్ను పక్కకు పిలిచింది. నిజంగనే గట్ల అన్నదా తమ్మి అని అడిగింది. అవునక్కా అన్న. మల్లొకసారి ఏమన్నదో చెప్పమన్నది. చెప్పిన. ఆమె పెదవులతోని ఆ మాటను మెల్లగ అనుకున్నది, మరిచిపోవద్దని. తర్వాత రెండు మూడుసార్లు ఫోన్ల గుడ అడిగింది. వాళ్ల అమ్మగారింట్ల గుడ చెప్పిందట.

కన్నతల్లి తీరు అని అత్త అనలే. గోసన్నదే లేదని అనలే. ఆ మాటలు నేను అల్లిన. అబద్ధమాడొద్దన్న మనిషి కాళ్లకాడనే కూసొని అల్లిన. అక్కా, నువ్వు గిది చదువుతవని తెలిసే రాస్తున్న. నా తప్పుకు క్షమాపణ అడుగుతలేను. ఆ సాయంత్రం జరిగింది నీ సొమ్ము, నా దగ్గర ఎందుకుండాలె.

ఫోన్ జేసిన మాట, గొడుగు మాట నిజం. నీ మీద చాడీలే చెప్పింది. నీ పాదాలు మరీ చిన్నయట. నీ చెప్పులల్ల తన మడమ పట్టక, బావ బండి గుడ ఎక్కకుండ, సగం పాదం రోడ్డు మీద పెట్టుకొనే ఆ ఊరు దాక పోయిందట. అక్కడ అందరు శవాన్ని ఇడిసిపెట్టి తన కాళ్లనే చూసిండ్రట. అది చెప్పుకుంట నవ్వుడు మొదలుపెట్టింది. ఆ నవ్వును రాగంల పెట్టుడు నాకు చేతకాలే. ఎనుక నుంచి నీ గొంతు ఇనపడ్డది, ఫోన్ పెట్టి తిను, బువ్వ సల్లారుతాంది అని కసురుతున్నవు. అత్త నీకు జవాబియ్యలే. నాకు గుడ ఇంకేం చెప్పలే. నోట్ల బుక్క పెట్టుకొని, మింగలేక, నవ్వుతనే ఉన్నది.